వియ్యపురాలి అలుక

మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయని మా బిడ్డ టికెట్ పంపింది. నేను మాత్రం మోకాళ్ళ కోసం పోలేదు. మా వియ్యపురాలితో ఒకే గదిలో వారం రోజులు ఉండే అవకాశం మళ్ళీ దొరకదని పోయాను. ఉన్నమాట ముందే చెప్పేస్తున్నాను, పగ తీర్చుకోవడానికే పోయాను.

బిడ్డా అల్లుడూ అబుదాబిలో ఉద్యోగాలు చేస్తారు. అక్కడి నుంచి విమానంలో కొన్ని గంటల దూరాన జార్జియా అని కొండల దేశం ఒకటుంది. అమెరికాలో ఉండే జార్జియా కాదు, వేరేది. గల్ఫ్‌లో ఉండేవాళ్ళు చలికాలం సెలవుల్లో మంచు చూడటానికి అక్కడికి పోతారట. అక్కడ ఒక కొండ మీద ఆరోగ్యం బాగుచేసే విడిది ఉంది. వేడినీళ్ళ గుంటలు, ఆవిరి గదులు, యోగా, ఉడకబెట్టిన తిండి, ఫోన్లు బంద్. నాకు మోకాళ్ళు, అల్లుని తల్లికి నడుము. "ఇద్దరు కలిసి పోతే ఒగలికొగలు తోడుంటరు అవ్వా" అంది బిడ్డ ఫోన్లో. దాని మనసులో ఉన్నది మా నొప్పులు కాదని నాకు తెలుసు. ఆ వారంలో ఎట్లనన్నా మేమిద్దరం ఒకటి కావాలని దాని ఆశ. నా ఆశ వేరే.

ఎందుకంత పగ అంటే బిడ్డ లగ్గం దాకా పోవాలి. మాది కరీంనగర్. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. వాళ్ళది ఆదిలాబాద్ దిక్కు బోథ్. పత్తి చేన్లు, పెద్ద ఇల్లు, ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే. లగ్గం మా ఊళ్ళో ఫంక్షన్ హాల్లో చేశాం. మటన్ విషయంలో మా ఆయన ఎవరినీ నమ్మలేదు. పొద్దున్నే పోయి యాటలను తానే చూసి కొన్నాడు, దగ్గరుండి కోయించాడు, వంటవాళ్ళ పక్కన నిలబడి వండించాడు. కొత్త తెల్లంగీ మీద మసాలా మరకలు పడ్డాయి. ఆ మరకలతోనే పెళ్ళికూతురి తండ్రిగా ఫోటోలు దిగాడు, ఆ ఫోటోల్లో ఎంత సంబరంగా ఉంటాడో.

మగపెళ్ళివారి బంతి కూర్చుంది. బగారన్నం వడ్డించారు, కూర వడ్డించారు. మధ్యలో కూర్చున్న వియ్యపురాలు ప్లేటులో వేలు పెట్టి ముక్కలను ఇటు జరిపింది, అటు జరిపింది. "మూలుగ బొక్క ఏది?" అంది. లోపల మెత్తటి మూలుగ ఉండే లావాటి ఎముక అది. మా దిక్కు మటన్ దావత్ చేస్తే వియ్యాలవారి ప్లేటులో అది పడాల్సిందే, పడకపోతే మర్యాద తగ్గించినట్టు. వడ్డించేవాళ్ళు గిన్నెలో గంటె తిప్పి వెతికారు, లేదు. ఇంకో గిన్నె తెచ్చేలోపే ఆమె చెయ్యి కడుక్కుంది. "గీ బొక్కలు మా కుక్కలు సుత ముట్టయి" అని లేచింది. ఆమె లేచేసరికి మగపెళ్ళివారి బంతి అంతా లేచింది. నోటి దాకా తెచ్చిన ముద్దను దించేసి లేచినవాళ్ళు కూడా ఉన్నారు. తిట్టి పోయినా అంత బాధ ఉండదు. బంతి మీంచి లేచి పోతే ఆ ఇంటివాళ్ళు నలుగురిలో తలెత్తుకోలేరు.

అందరూ పోయి వాళ్ళ బస్సులో కూర్చున్నారు. మా ఆయన వెనకాల పరుగెత్తాడు. పనిచేసినన్నాళ్ళూ బస్సుల కింద వెల్లకిలా పడుకుని బతికిన మనిషి, ఆ రోజు ఆ బస్సు కిటికీ కింద చేతులు జోడించి నిలబడ్డాడు. "తప్పైంది చెల్లె. దిగు చెల్లె. ఇంకో యాటను కోపిస్త" అన్నాడు. ఆమె కిటికీలోంచి ఎడమ చెయ్యి ఊపింది, ఈగను తోలినట్టు. ఆయన కదలలేదు. ఎండ నెత్తిన కొడుతోంది. నేను హాలు మెట్ల మీది నుంచి చూస్తున్నాను, పక్కన తలంబ్రాల బియ్యం ఇంకా జుట్టులో ఉన్న మా బిడ్డ చూస్తోంది. ఇంకో యాట వచ్చి, కోసి, ఉడికిన తర్వాత గానీ వాళ్ళు బస్సు దిగలేదు. దిగి వచ్చి తిన్నారు. ఆమె బొక్క చీకుతూ పక్కనున్న ఆమెతో ఏదో చెప్పి పకపకా నవ్వింది. అలిగి పోయినందుకు కాదు, ఆ నవ్వుకు నా కడుపు మండింది. ఆ మంట ఇన్నేళ్ళకూ ఆరలేదు.

ఆ తర్వాత మా ఆయన ఆ ఇంట్లో ఒక్క ముద్ద కూడా ముట్టలేదు. బిడ్డ సెలవులకు అత్తగారింటికి వచ్చినప్పుడల్లా నిర్మల్‌లో బస్సు మారి బోథ్ పోతాడు. మనవరాలికి జామకాయలు పట్టుకుపోతాడు. కూర్చుంటాడు, చాయ్ తాగుతాడు, పిల్లను ఆడిస్తాడు. ప్లేట్లు పెట్టే వేళకు "ఇప్పుడే తినొచ్చిన బిడ్డా, కడుపుల జాగ లేదు" అని లేచి బస్టాండు దారి పడతాడు. ఎంత ఆకలైనా అంతే, బస్టాండులో అరటిపళ్ళు తిని బస్సెక్కుతాడు. "తాతా, నాతోని తిను తాతా" అని మనవరాలు చెయ్యి పట్టుకుని లాగినా ఆగడు. అప్పుడు మా బిడ్డ పెరట్లోకి పోయి నాకు ఫోన్ చేసి ఏడుస్తుంది. నేను ఆయనను నిలదీస్తే "పోనియ్ తియ్, పాత ముచ్చట" అంటాడు. ఆయన కోపం మనిషి కాదు. మా ఇంట్లో కోపం శాఖ నాది, ఆయన వంతుది కూడా నేనే మోస్తున్నానని అనుకునేదాన్ని.

కాబట్టి నాకు కావలసింది ఒక్కటే. ఆమె తన నోటితో "అన్నా, తప్పు నాది, మా ఇంటికి అన్నానికి రా" అనాలి. ఆ ఒక్క పిలుపు వస్తే ఆయన పోతాడు, తింటాడు, బిడ్డ ఏడుపు ఆగుతుంది. ఆమె తనంతట తాను అనే రకం కాదు, అనిపించాలి. అనిపించే ముందు ఆ కిటికీ కింద నిలబడితే ఎట్లుంటుందో ఆమెకు రుచి చూపించాలి. బ్యాగు సర్దేటప్పుడు స్వెట్టర్ల కన్నా ముందు ఇది సర్దుకున్నాను.

విమానంలో కిటికీ సీటు నాదని కాగితంలో రాసి ఉంది. ఆమె చూసీ చూడనట్టు పోయి కూర్చుంది. "నేను పోరని తల్లిని గదా వదినె" అని నవ్వింది. మేమిద్దరం ఒకరినొకరు వదినె అనే పిలుచుకుంటాం. నేను కూడా నవ్వాను. నవ్వు నాకూ వచ్చు.

బిడ్డా అల్లుడూ మమ్మల్ని కొండ మీద దింపి, పిల్లను తీసుకుని కింద పట్నంలో ఉండటానికి పోయారు. చెక్కతో కట్టిన పెద్ద ఇల్లది. చుట్టూ మంచు, మంచులోంచి పొడుగాటి చెట్లు, ఇంటి వెనక పొగలు కక్కే నీళ్ళ గుంటలు. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో తెల్లటి అంగరఖాలు తొడుక్కుని మెల్లగా నడుస్తున్నారు. యోగా నేర్పే అమ్మాయి ఆ దేశం పిల్లే. మన దేశంలో కొన్నేళ్ళు ఉండి నేర్చుకుందట, హిందీ ముక్కలు ముక్కలుగా వచ్చు. మా ఇద్దరికీ దిక్కు ఆమే.

పోయీ పోగానే మమ్మల్ని రెండు కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఒక లావుపాటి పనామె రాగి తాంబాళంలో వేడినీళ్ళు, ఏవో ఆకులు వేసి తెచ్చి మా వియ్యపురాలి ముందు మోకాళ్ళ మీద కూర్చుని పాదాలు కడగడం మొదలుపెట్టింది. అది అక్కడికి వచ్చిన ప్రతివాళ్ళకూ చేసే మర్యాద. మా వియ్యపురాలికి ఆ సంగతి తెలియదు. మన దగ్గర కాళ్ళు కడిగేది వియ్యాలవారికే, కడిగించేది ఆడపిల్లవారే. ఆమె నా దిక్కు తిరిగి, ముఖమంతా వెలిగిపోతూ, "గివన్ని ఎందుకు వదినె, గింత దూరమొచ్చి సుత చెప్పి పెట్టినవా?" అంది. ఎన్నేళ్ళకైనా ఆడపిల్లవారు తమ స్థానం మరవలేదని ఆమె సంతోషం. అప్పటికప్పుడు బ్యాగులోంచి జాకెట్ ముక్క తీసి, బొట్టుపెట్టి, పనామె చేతిలో పెట్టింది. పనామె ఆ గుడ్డతో ఆమె పాదాలు తుడిచింది.

తర్వాత అదే తాంబాళం నా ముందు పెట్టి నా కాళ్ళు కడిగేసరికి ఆమె ముఖం మాడిపోయింది. "గదేంది, నీకు సుత కడుగుతరా?" అంది. "మరి నేను కూడా పోరికి తల్లినే గదా" అన్నాను. ఆ పూట ఆమె నాతో మాట్లాడలేదు. మొదటి పూటే ఇంత కలిసి వస్తుందని నేను కూడా అనుకోలేదు.

మర్నాడు చన్నీళ్ళ తొట్టి దగ్గరికి తీసుకుపోయారు. ముందు ఆవిరి గదిలో చెమటలు పట్టించి, ఆ తర్వాత బయట మంచులో పెట్టిన తొట్టిలో మునగాలట. అట్లా మునిగితే నొప్పులు పోతాయట. ఇష్టం ఉన్నవాళ్ళే మునగొచ్చు. మా వియ్యపురాలు చీరతోనే ఆవిరి గదిలోకి పోయింది, చీరతోనే బయటికి వచ్చింది. తొట్టిని చూసి మూతి తిప్పి, "మా ఆదిలాబాద్ చలి ముంగట గిదో లెక్కనా? మా బోథ్‌ల పొద్దుగాల పోయి చేన్ల నిలవడుమను వీళ్ళను" అని నాతో అంది. నేను ఊరుకుంటానా. యోగా అమ్మాయిని పిలిచి నాకొచ్చిన హిందీలో, ఈమెది చలి దేశం, చన్నీళ్ళంటే ఈమెకు ప్రాణం, రోజూ ముంచితే చాలా సంతోషపడుతుంది అని చెప్పాను. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. అక్కడున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు కాబట్టి ఆమె మునిగింది. పైకి లేచేసరికి పెదాలు నీలం రంగుకు తిరిగాయి, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఎట్లున్నది వదినె?" అని అడిగాను. "మస్తున్నది" అంది. రోజూ మునిగింది. నేను రోజూ వేడినీళ్ళ గుంటలో గొంతు దాకా కూర్చుని చూశాను. నా మోకాళ్ళ నొప్పులు నిజంగానే తగ్గాయి.

తిండి సంగతి చెప్తే మీరు నమ్మరు. ఉడకబెట్టిన బీట్‌రూట్లు, ఉడకబెట్టిన ఆకులు, వాల్‌నట్లు, ఉప్పు లేదు, కారం ఊసే లేదు. నా బ్యాగులో మామిడికాయ తొక్కు సీసా ఉంది, కారప్పొడి పొట్లం ఉంది. స్నానాల గదిలో తలుపేసుకుని రొట్టెకు తొక్కు రాసుకుని తిన్నాను. బయటికి వచ్చేసరికి ఆమె మంచం మీద కూర్చుని గాలి పీలుస్తోంది. "ఏం వాసన వదినె?" అంది. "మోకాళ్ళకు రాసుకునే మందు" అన్నాను. ఆమెకు తెలిసిపోయిందని నాకు తెలుసు. అడిగితే అప్పుడు ఏదో ఒకటి అని ఇద్దామనుకున్నాను. ఆమె అడగలేదు. బీట్‌రూట్లు నములుతూ కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది గానీ అడగలేదు. ఆ పొగరు చూస్తే నాకు ఇంకా మండింది.

పొద్దున్నే అందరికీ కప్పుల్లో వేడి వేడి చారు ఇచ్చేవాళ్ళు. బలానికి మంచిదట. ఒకరోజు అదేమిటని అడిగితే యోగా అమ్మాయి చెప్పింది, గొర్రె ఎముకలను రాత్రంతా ఉడకబెట్టి తీసిన నీళ్ళు అని. మా వియ్యపురాలు లేచి నిలబడింది. "మరి బొక్కలేవి? బొక్కల మూలుగ ఏది?" అని హిందీలో అడిగింది. పారేస్తాం, కుక్కలు తింటాయి అంది ఆ పిల్ల. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కానందుకే నాకు నవ్వు ఆగి కోపం వచ్చింది. నేను రోజూ తలుచుకుని పళ్ళు నూరే మాట, అన్న మనిషికి గుర్తు కూడా లేదు.

ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనం మన దేశం పద్ధతిలో చేద్దామని విడిది వాళ్ళు అనుకున్నారు. మా వియ్యపురాలు చీర కుచ్చిళ్ళు దోపుకుని ముందుకు వచ్చింది. వంటగది ఆమెకు అప్పగించారు. గొర్రె మాంసం తెప్పించారు. అప్పుడు మొదటిసారి నా దగ్గరికి వచ్చి, "కారం ఇయ్యి వదినె. నీ తాన ఉన్నదని నాకు ఎరుకే" అంది. ఇచ్చాను. నా లెక్కలు నాకున్నాయి కాబట్టే ఇచ్చాను. ఆమె పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర నిలబడి వండింది. ఉల్లిగడ్డ వేగే వాసనకు ఆ ఇంట్లోని వాళ్ళంతా ఏదో ఒక పని పెట్టుకుని వంటగది గుమ్మం దాకా వచ్చి పోయారు. మంచి వంట చేసే మనిషి అని ఒప్పుకోవాలి. ఆ ముఖంలో సంబరం చూస్తే మసాలా మరకలతో ఫోటోలు దిగిన ఇంకో ముఖం గుర్తొచ్చింది. ఇదే అదను అనుకున్నాను.

అందరినీ కింద బంతిలో కూర్చోబెట్టారు. దాచిపెట్టిన ఫోన్లు ఆ పూటే ఎవరివి వాళ్ళకు ఇచ్చేశారు. అక్కడున్నవాళ్ళకు చేత్తో తినడం రాదు కదా, యోగా అమ్మాయి నన్ను చూపించి వాళ్ళకు అర్థమయ్యే భాషలో, ఈమె ఎట్లా చేస్తే అట్లా చెయ్యండి అని చెప్పింది. నేను ప్లేటు చుట్టూ నీళ్ళు చిలకరిస్తే వాళ్ళూ చిలకరించారు. నేను చీర కొంగు సర్దుకుంటే ఒకతను తన అంగరఖా అంచు సర్దుకున్నాడు.

మా వియ్యపురాలు గంటెతో వచ్చి మొదట నాకే వడ్డించింది. వెతికి వెతికి ఒక పెద్ద మూలుగ బొక్క తీసి నా ప్లేటులో వేసింది. వేసి, కన్నుగీటి, "తిను వదినె. మల్ల ఇయ్యపురాలు బొక్క ఎయ్యలేదనవు" అంది. ఆ నవ్వే. బస్సు దిగి వచ్చి తింటూ నవ్విన అదే నవ్వు. అంటే ఆమెకు గుర్తుంది. గుర్తుండి, అది ఆమెకు ఒక జోకు.

నేను చెంబులో నీళ్ళతో చెయ్యి కడుక్కున్నాను. లేచాను.

నాతో పాటు ఆ బంతి అంతా లేచింది. మన ఆచారం అదేననుకున్నారు పాపం. ప్లేట్లలో కూర పొగలు కక్కుతుండగా చేతులు కడుక్కుని, నన్నే చూస్తూ, వరసగా నిలబడ్డారు. ముద్ద ఎత్తినవాళ్ళు ముద్ద దించారు. అది నేను అనుకోలేదు. నేనొక్కదాన్ని లేద్దామనుకున్నాను, దేవుడు బంతినంతా లేపి ఇచ్చాడు. గంటె పట్టుకుని మధ్యలో నిలబడిన ఆమె ముఖం చూశాను. ఎన్ని ఏళ్ళుగానో నేను ఊహించుకున్న ముఖమే అది. నేను వరండాలోకి నడిచాను.

ఆమె నా వెనకే వచ్చింది. చెప్పుల్లేవు, శాలువా లేదు, చేతిలో గంటె అట్లనే ఉంది. వరండా అంచున మంచు పేరుకుని ఉంది, దాని మీదే నిలబడింది.

"ఏమైంది వదినె? ఉప్పెక్కువైందా?"

"లేదు."

"కారమా?"

"బొక్కలు మంచిగ లేవు" అన్నాను. "గీ బొక్కలు మా కుక్కలు సుత ముట్టయి."

"గా లగ్గం నాటి ముచ్చటనా? అరే దేవా. గది అలుకనే గదా వదినె. పోరని తల్లి అలగకపోతే మావోళ్ళు ఊకుంటరా? నా లగ్గంల మా అత్త చెప్పులు పెట్టలేదని అలిగితే మా బాపు కొత్త చెప్పుల జత నెత్తిన పెట్టుకొని ఊరంత నడిచిపోయిండు. గట్లనే ఉంటయి లగ్గాలు." ఇది కూడా నవ్వుతూనే చెప్పింది.

"మీ బాపు నెత్తిన చెప్పులు పెట్టుకొని పోతుంటే నువ్వు నవ్వినవా?" అని అడిగాను.

ఆమె నవ్వు ఆగిపోయింది.

"మా ఆయన ఎండల చేతులు జోడిచ్చి నిలవడ్డడు. నువ్వు ఎడమ చెయ్యి ఊపినవు. అలిగినవు, సరే, నీ హక్కు. మల్ల దిగొచ్చి తిన్కుంట నవ్వినవు. గదే నేను మరిచిపోను. గానాటి సంది ఆయన మీ ఇంట్ల ముద్ద ముట్టలేదు. ఎందుకని ఒక్కనాడన్న అడిగినవా?"

"అన్నకు షుగర్ గదా? బయట తినడని కోడలు చెప్పింది."

"షుగర్ నాకు. ఆయనకు లేదు."

నా బిడ్డ ఇన్నేళ్ళూ ఏ అబద్ధంతో ఆ ఇల్లు నెట్టుకొస్తోందో నాకు అప్పుడే తెలిసింది. ఆమెకూ అప్పుడే తెలిసింది. మంచు మీద ఆమె కాళ్ళు ఎర్రబడుతున్నాయి. నేను లోపలికి రమ్మనలేదు, జరిగి కూర్చోమనలేదు. నిలబడనీ అనుకున్నాను. చివరికి ఆమె చేతులు జోడించింది, గంటె ఆ రెండు చేతుల మధ్యనే ఉంది. "తప్పైంది వదినె" అంది. నా కళ్ళు చల్లబడ్డాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా చల్లబడ్డాయి. తీరిగ్గా చూశాను. చూడటం అయ్యాక ఫోన్ తీసి మా ఆయనకు కలిపి, స్పీకర్ పెట్టి ఆమె చేతికిచ్చాను.

"నాకు కాదు, ఆయనకు చెప్పు."

ఆమె వెనకాడలేదు. అది ఆమెలో ఉన్న గుణం, మునగమంటే మునుగుతుంది. "అన్నా, నేను, బోథ్ చెల్లెను" అంది.

"ఆ చెల్లె, మంచిగున్నరా? చలి బాగున్నదట గదా. నీ నడుము ఎట్లున్నది?"

"నా నడుము ముచ్చట ఇడువు అన్నా. లగ్గం నాడు నిన్ను ఎండల నిలవెట్టిన. తప్పు నాది. మేం రాంగనే మా ఇంటికి అన్నానికి రా. నా చేత్తోని వడ్డిస్త. నువ్వు తినేదాంక నేను తిన." ఆమె కాళ్ళు మార్చి మార్చి నిలబడింది. చలికో, దేనికో. "లౌకర్ రా అన్నా" అంది. లౌకర్ అంటే తొందరగా అని, బోథ్ వాళ్ళకు మనసు కదిలితే మరాఠీ మాట వచ్చేస్తుంది.

అటువైపు టీవీ మోగుతోంది. ఆయన టీవీ ఆపాడు.

"గింత మాట అన్నవు, చాలు చెల్లె. నా మనసుల ఏం లేదు" అన్నాడు.

నేను గెలిచాను అనుకున్నాను. బిడ్డకు ఏమని చెప్పాలో కూడా ఆలోచించడం మొదలుపెట్టాను.

"చాయ్‌కు వస్త" అన్నాడు ఆయన. "ఎప్పుడు పిలిచినా చాయ్‌కు వస్త. అన్నానికి మాత్రం పిలువకు చెల్లె."

"ఎందుకన్నా? ఇంక కోపమున్నదా నా మీద?"

"కోపం కాదు. ముద్ద దిగదు." ఆయన గొంతులో విసుగు లేదు, బస్సుకు ఏం రిపేరు వచ్చిందో చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "నేను చేతులు జోడిచ్చి నిలవడ్డది నా బిడ్డ సూసింది. మల్ల మీ ఇంట్లనే, అది సూస్తుండంగ, కూసొని ఎట్ల తినాలె చెల్లె? నువ్వు అడిగినా దిగదు. మీ వదినె చెప్పినా దిగదు."

మీరు తిన్నారా అని ఆయన అడిగాడు. "తింటున్నం అన్నా" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

పోనియ్ తియ్, పాత ముచ్చట అని ఆయన నాతో ఎన్నిసార్లు అన్నాడో. అన్న ప్రతిసారీ నేను నమ్మాను. ఆయనకు పగ లేదని, అందుకే అది నాకిచ్చాడని అనుకున్నాను. నాది ఒక్క పూటలో తీరిపోయేంత పగ. ఆయనది తీరేది కాదు, ఆ సంగతి ఇన్నేళ్ళు పక్కన పడుకున్న నాకే తెలియలేదు.

కిటికీలోంచి చూస్తే లోపల అందరూ ఇంకా నిలబడే ఉన్నారు. మేం పోయి కూర్చుంటే తప్ప వాళ్ళు కూర్చోరు. ఆమె ఫోన్ నా చేతిలో పెట్టి, నా ముఖంలోకి చూసి, "ఇగ నేనేం చెయ్యాలె వదినె?" అని అడిగింది. ఎగతాళి లేదు, పొగరు లేదు, నిజంగానే అడిగింది.

నాకు తెలియదు అని చెప్పాను.